పాత అంబాసిడరు: నడుపుదమా, నిలుపుదమా?



కోనసీమలో కొన్ని ఇండ్లలో ఒక ప్రశ్న చాలాకాలముగా తెగక యున్నది. తండ్రిగారో తాతగారో కొని ముప్పది ఏండ్లు నడిపిన అంబాసిడరు కారు ఇంటి ప్రక్క పాకలో నిలిచియున్నది. పెద్దాయన ఇప్పుడు లేరు. పెద్దకుమారుడు, "అమ్మివేద్దాము, తుక్కు ధరైనా వచ్చును" అనును. ఆడపడుచు, "ఆ కారులోనే నేను అత్తవారింటికి వెళ్లినాను, దానిని అమ్మవద్దు" అని కన్నీరు పెట్టును. దూరాన ఉద్యోగము చేయుచున్న చిన్నవాడు, "బాగు చేయించి రోజూ నడుపుదాము, సెలవులకు అందరమూ దూరప్రయాణము వెళ్లుదాము" అనును. తల్లిగారు మాత్రము ఏమియు మాట్లాడక ముగ్గురి ముఖములు చూచుచుండును.

ఈ నెల మనము ఈ విషయమును గూర్చి ఆలోచింతము. పైకి ఇది కారు సంగతివలె కనబడును గాని, లోపల ప్రాణముల సంగతియు, తోబుట్టువుల మధ్య సమాధానము సంగతియు ఉన్నవి.

ఈ కారు మన ఇంటికి ఎట్లు వచ్చినది?

అంబాసిడరు కార్లను హిందుస్థాన్ మోటార్స్ కంపెనీవారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారు చేసిరి. ఇంగ్లాండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అను కారు దీనికి మూలము. 1950వ దశకము చివర మొదలైన తయారీ 2014 మే నెలలో నిలిచిపోయినది. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చువరకు మన దేశములో సామాన్యముగా కనబడిన కార్లు అంబాసిడరు, ఫియట్. ఆ ఫియటే తరువాత ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చుకొన్నది.

గోదావరి పాయల నడుమ ఉన్న మన ప్రాంతములో కారుకు మరియొక కష్టముండెను. వంతెనలు లేని రోజులలో కోటిపల్లి–ముక్తేశ్వరం, యానాం–ఎదుర్లంక, నరసాపురం–సఖినేటిపల్లి రేవులలో కారును పంటు మీదికి ఎక్కించి నది దాటించవలసి వచ్చెడిది. 2002లో యానాం–ఎదుర్లంక వారధి వచ్చిన తరువాత కాకినాడ ప్రయాణము సులువైనది. వరదలో గట్టు రోడ్ల మీద, వర్షములో పుంత రోడ్ల మీద ఆ బరువైన బండి ఓర్చుకొని నడిచినది. ముందు సీటు ఒకే బల్లవలె ఉండుటచేత, ఐదుగురు ఎక్కవలసిన చోట తొమ్మిది మంది ఎక్కిరి. పురిటి నొప్పులు వచ్చిన తల్లిని అర్ధరాత్రి అమలాపురము ఆసుపత్రికి చేర్చినది కూడా అనేక గ్రామములలో ఆ ఊరిలోని ఒకే ఒక్క కారు. అందుచేత ఆ కారుపై ప్రేమ ఊరికే పుట్టినది కాదు. దానిని చూచి "పాత ఇనుము" అని నవ్వుట తగదు.

అయినను ప్రేమ వేరు, నమ్మకము వేరు. ఒక వస్తువును ప్రేమించవచ్చును. దాని చేతిలో పిల్లల ప్రాణములు పెట్టుటకు ముందు దానిని పరీక్షించవలెను. ఈ నెల మేము చెప్పదలచినది ఇదే.

నిలిచిన బండే ముందు చెడును

"జాగ్రత్తగా దాచియుంచినాము, బయటికే తీయలేదు" అని కొందరు గర్వముగా చెప్పుదురు. యంత్రము విషయములో అది జాగ్రత్త కాదు. మూలపెట్టిన బండిలో బ్యాటరీ దిగిపోవును. కార్బురేటరులో పెట్రోలు ఎండి జిగురు కట్టును. బ్రేకు సిలిండర్లు తుప్పుపట్టి బిగిసిపోవును. రబ్బరు సీళ్లు ఎండి చిట్లును. ఎలుకలు వైర్లు కొరుకును. మన ప్రాంతపు గాలిలో సముద్రపు ఉప్పు, తేమ రెండును కలిసియుండుటచేత నేలరేకులు, తలుపుల అడుగుభాగములు, డిక్కీలో స్టెప్నీ పెట్టు గుంట లోలోపల తినివేయబడును. పైన రంగు మెరయుచుండగానే అడుగున చిల్లు పడును. రబ్బరు మ్యాట్లు ఎత్తి, స్క్రూడ్రైవరుతో నేలరేకును పొడిచి చూచిన గాని నిజము తెలియదు.

అందుచేత కారు ఉంచుకొనదలచినవారు దానిని నడపవలెను. వారమునకు రెండు మూడు సార్లు, ఇంజను బాగుగా వేడెక్కునట్లు పదిహేను ఇరువది కిలోమీటర్లు తిప్పుట మంచిది. అమలాపురము నుండి కొత్తపేట వైపో, రాజోలు నుండి మలికిపురము వైపో ఒక చుట్టు తిరిగి వచ్చిన చాలును. బజారుకు అర కిలోమీటరు వెళ్లి వెంటనే ఆపివేయుట మేలు చేయదు. ఇంజను వేడెక్కకపోవుటచేత లోపల చేరిన తేమ ఆయిలులోనే నిలిచిపోవును.

కొబ్బరిచెట్టు క్రింద మాత్రము కారు నిలుపవద్దు. కాయ పడిన బోనెట్టు సొట్టపడును, కమ్మ పడిన అద్దము పగులును. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో మన తోటలు ఎట్లు నేలకొరిగినవో చూచినవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

నేటి పెట్రోలు, నాటి ఇంజను

ఇది చాలామంది గమనింపని సంగతి. మన దేశములో 2000 సంవత్సరము నుండి సీసము కలుపని పెట్రోలే దొరకుచున్నది. మనుష్యుల ఆరోగ్యమునకు అది గొప్ప మేలు. అయితే పూర్వపు పెట్రోలు ఇంజన్లలో ఆ సీసమే ఎగ్జాస్టు వాల్వులు కూర్చుండు చోటు అరిగిపోకుండ కాపాడుచుండెను. కాబట్టి చాలా పాత బండిని గంటల తరబడి వేగముగా నడిపిన ఆ చోటు త్వరగా అరుగును. హెడ్డు విప్పించినప్పుడు గట్టి లోహపు వాల్వు సీట్లు వేయించుట, అప్పటివరకు ట్యాపెట్ల సందును తరచుగా చూపించుట అవసరము.

రెండవది, ఇప్పుడు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలుపుచున్నారు. ఇథనాలు తేమను లాగుకొనును, పాతకాలపు రబ్బరు పైపులను మెత్తబరచును. పెట్రోలు వాసన వచ్చుచున్నదంటే "పాత బండి గదా" అని ఊరకుండరాదు. ఇంజను వేడి దగ్గర కారుచున్న పెట్రోలు నిప్పుతో సమానము. పెట్రోలు పైపులు, పంపులోని డయాఫ్రము, కార్బురేటరు వాషర్లు ఇథనాలుకు తట్టుకొను రకమునకు మార్పించవలెను. బండిని కొన్ని నెలలు నిలుపవలసి వచ్చిన యెడల ట్యాంకులో పాత పెట్రోలును నిలువ ఉంచవద్దు.

దూరప్రయాణము మాట

పాత వాహనము దూరము పోలేదని అనలేము. 1982లో ఎన్.టి. రామారావుగారు రాష్ట్రమంతయు తిరిగిన చైతన్యరథము కొత్త బండి కాదు. అప్పటికే పాతబడిన షెవర్లే వాహనమును అందుకు తగినట్లు మార్పించిరి. ఆయన కుమారుడు హరికృష్ణగారు దానిని నడిపిరి. రాజకీయము మన పత్రిక విషయము కాదు గాని, నెలల తరబడి ఆనాటి రోడ్ల మీద ఆ పాత బండి వేల కిలోమీటర్లు తిరిగినమాట వాస్తవము. సిద్ధపాటు ఉన్న యెడల పాత యంత్రము పని చేయును.

మరి మన ఇంటి అంబాసిడరు మాట? మన ప్రాంతమువారు ఎక్కువగా తలపెట్టు దూరప్రయాణము వేలూరు ఆసుపత్రికే. 1900లో డాక్టరు ఐడా స్కడ్డరు అమ్మగారు ప్రారంభించిన ఆ ఆసుపత్రికి వెళ్లివచ్చిన కుటుంబములు మన సంఘములలో ఎన్నో కలవు. అమలాపురము నుండి రావులపాలెము, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు, తిరుపతి, చిత్తూరు మీదుగా అది ఆరు వందల కిలోమీటర్లకు పైబడిన దారి. అట్టి ప్రయాణమునకు మా సలహాలు ఇవి.

మొదటిది, ఒక్క రోజులో ముగించవలెనని తలంచవద్దు. ఒంగోలు ఇంచుమించు సగము దూరము. రాత్రి అక్కడ ఆగి తెల్లవారుజామున బయలుదేరిన బండికి, నడుపువానికి, పెద్దవారికి కూడా మంచిది. చాలా పాత బండ్లలో డైనమో ఉండును. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు అది చాలినంత కరెంటు ఇవ్వదు గనుక హెడ్‌లైట్లు మసకబారును. రాత్రి ప్రయాణము మానుకొనుటే మేలు.

రెండవది, వేగము. ఈ బండి గంటకు 60, 70 కిలోమీటర్ల వద్ద హాయిగా పోవును. నేటి జాతీయ రహదారి మీద తక్కిన కార్లు 100 మీద పోవును. వారితో పోటీ పెట్టుకొనక, ఎడమ వరుసలోనే ఉండి, ముందు బండికి రెట్టింపు దూరములో నడపవలెను. పాత అంబాసిడర్లలో నాలుగు చక్రములకు డ్రమ్ము బ్రేకులే. మన ముందున్న కొత్త కారు ఆగినంత దగ్గరగా మనము ఆగలేము.

మూడవది, వేడి. బయలుదేరుటకు వారము ముందే రేడియేటరు శుభ్రము చేయించి, హోసు పైపులు, ఫ్యాను బెల్టు మార్పించవలెను. ఎండలో ఇంజను ఆగిపోయి ఎంతకు స్టార్టు కాని యెడల, పెట్రోలు పంపులోనే ఆవిరి కట్టియుండవచ్చును. కొంతసేపు నీడలో ఆగి, తడిగుడ్డ పంపు మీద వేసి చల్లార్చిన తిరిగి కదలును. అయితే పొగలు చిమ్ముచున్న రేడియేటరు మూతను మాత్రము వెంటనే తీయరాదు. మరుగు నీరు ముఖము మీదికి చిమ్మును.

నాలుగవది, డిక్కీలో ఉండవలసినవి: ఒక సెట్టు కాంటాక్టు పాయింట్లు, కండెన్సరు, నాలుగు ప్లగ్గులు, ఫ్యాను బెల్టు, హోసు పైపు, ఫ్యూజులు, గాలి నిండిన స్టెప్నీ, జాకీ, పది లీటర్ల నీరు, టార్చిలైటు. దారిలో మెకానిక్కు దొరకవచ్చును గాని పాయింట్ల సందు సరిచేయగలవాడు దొరకుట నేడు కష్టము. ఆ పని ఇంటిలో ఒక్కరైనను నేర్చుకొనవలెను. పిల్లవాడు గాని పిల్ల గాని పెద్ద మెకానిక్కు దగ్గర నాలుగు ఆదివారముల మధ్యాహ్నములు కూర్చున్న ఆ విద్య పట్టుబడును. విడిభాగముల కొరకు విజయవాడ ఆటోనగరు వంటి చోట ముందుగానే విచారించుకొనుడి.

ఐదవది, టైర్లు. గళ్లు అరగలేదు గనుక టైరు మంచిదేనని అనుకొనవద్దు. టైరు ప్రక్కన నాలుగు అంకెలు ఉండును. 1219 అని ఉన్న యెడల అది 2019వ సంవత్సరము పన్నెండవ వారములో తయారైనదని అర్థము. తక్కువ తిరిగిన బండి టైరు అరగకపోయినను ఏండ్లు గడిచినకొలది రబ్బరు గట్టిపడి ఎండలో పగులును.

వరద రోజులలో

కాజ్‌వే మీద నీరు పారుచున్నప్పుడు ఏ బండియు దిగరాదు. ఇది పాతదానికి, కొత్తదానికి ఒకటే నియమము. రోడ్డు మీద నిలిచిన కొద్ది నీటిలోనుండి బయటికి వచ్చిన తరువాత కూడా డ్రమ్ము బ్రేకులు కొంతసేపు పట్టవు. నెమ్మదిగా పోవుచు పెడలును తేలికగా పలుమార్లు నొక్కిన ఆ రాపిడి వేడికి తడి ఆరును. వరద నీటిలో మునిగిన బండిని ఆత్రముతో స్టార్టు చేయవద్దు. ముందు ఆయిలు చూడవలెను. అది పాలవలె తెల్లబడియున్న యెడల నీరు కలిసినట్లే. ఆయిలు మార్చి, ప్లగ్గులు విప్పి చూచిన తరువాతనే కదలించవలెను.

ఇక అసలు సంగతి

చాలా పాత అంబాసిడర్లలో సీటు బెల్టులు లేవు. ఎయిరు బ్యాగులు అసలే లేవు. మిక్కిలి పాత మోడళ్లలో నాలుగు చక్రముల బ్రేకులకు ఒకటే ఆయిలు మార్గము. ఒక పైపు పగిలిన నాలుగు బ్రేకులును పోవును. "రేకు దళసరి, ఏమియు కాదు" అని మన పెద్దలు ధైర్యము చెప్పుదురు. కాని గుద్దుకొన్నప్పుడు రేకు నొచ్చుకొనకపోయిన యెడల ఆ దెబ్బ లోపలి మనుష్యులకు తగులును. నేటి కార్లలో ముందుభాగము నలిగిపోవునట్లు చేయుట అందుకొరకే. రేకు నలిగి, మనిషి మిగులును.

పైన చెప్పిన హరికృష్ణగారే 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో తాము స్వయముగా నడుపుచున్న నేటికాలపు కారు ప్రమాదమునకు గురికాగా మరణించిరి. ఆ సమయమున సీటు బెల్టు పెట్టుకొనలేదని పోలీసులు తెలిపిరి. అంత అనుభవము గలవారికే అట్లు జరిగినప్పుడు మనమెంత! బండి కొత్తదైనను బెల్టు లేనిది రక్షణ లేదు. బండి పాతదైనను బెల్టు వేయించుట అసాధ్యము కాదు. తుప్పులేని గట్టి ఇనుము మీద, పని తెలిసినవానిచేత ముందు వెనుక సీట్లకు బెల్టులు బిగింపించవలెను. బ్రేకు ఆయిలు రెండు సంవత్సరములకు ఒకసారి మార్పించవలెను. ఐదుగురి బండిలో ఐదుగురే ఎక్కవలెను. పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని ముందు సీటులో కూర్చుండు అలవాటు ఇక చాలించవలెను. ఈ పనులు చేయించుటకు మనస్సు లేని యెడల, ఆ కారులో మనుమలను ఎక్కించుటకు కూడా మనస్సు రాకూడదు.

అర్ధరాత్రి రోగి కొరకు కూడా ఈ బండిని నమ్ముకొనవద్దు. 2005 నుండి మన రాష్ట్రములో 108 అంబులెన్సు ఉన్నది. ఒకప్పుడు ఊరి భారమంతయు మోసిన బండికి ఆ పని నుండి విశ్రాంతి ఇచ్చుదము.

కాగితములు

యజమాని మరణించిన తరువాత సి-బుక్కు ఆయన పేరనే ఉంచి ఏండ్ల తరబడి నడుపుచున్నవారు ఉన్నారు. ఇది చాలా అపాయము. మరణించిన 30 రోజులలోగా రవాణా కార్యాలయమునకు తెలియజేసి, మూడు నెలలలోగా 31వ నంబరు ఫారముతో వారసుని పేరునకు మార్పించుకొనవలెను. ఇన్సూరెన్సు కూడా అట్లే మార్పించవలెను. లేనియెడల ఏదైనను ప్రమాదము జరిగినప్పుడు ఆ బాధ్యత ఎవరిదను తగవు విధవరాలైన తల్లిగారి మీదికి వచ్చును.

స్వంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు ముగియును. తరువాత బండి యోగ్యతను పరీక్షించి ఐదేసి సంవత్సరములకు పొడిగింతురు. 2025 ఆగస్టులో వచ్చిన నియమముల ప్రకారము 20 సంవత్సరములు దాటిన కారుకు ఈ పునరుద్ధరణ రుసుము 10,000 రూపాయలు. 50 సంవత్సరములు నిండిన బండిని "వింటేజి" అని నమోదు చేయించుకొను అవకాశము 2021లో వచ్చినది. దానికి ప్రత్యేకమైన నంబరు ఇత్తురు. అయితే ఒక్క మాట మరువవద్దు: అట్లు నమోదైన బండిని రోజువారీ పనులకు రోడ్డు మీద నడుపరాదు. ప్రదర్శనలకు, అట్టి సందర్భములకు మాత్రమే తీయవలెను. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో నిజాముగారి 1912 నాటి రోల్స్ రాయిస్ ఉన్నది. అది చూచుటకు ఉన్నది. మన బండి నడుపుటకా, చూచుటకా అని తేల్చుకొన్న తరువాతనే దరఖాస్తు పెట్టవలెను.

ఇంటివారు కూర్చుండి తేల్చుకొనవలసినది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చెదము. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఒకచోట కూర్చుండి, తల్లిగారిని మధ్య కూర్చుండబెట్టుకొని మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ బండిని నెలనెలా చూచుకొను మనిషి ఎవరు? ఖర్చు ఎవరెవరు ఎంత పెట్టుకొందురు? బ్రేకులు, బెల్టులు, నేలరేకులు బాగుచేయించుటకు అందరును ఒప్పుకొందురా? దూరాన ఉన్నవాడు "ఉంచండి, ఉంచండి" అని ఫోనులో చెప్పి, ఊరిలో ఉన్నవాని మీద ఖర్చు, చాకిరీ మోపుట న్యాయము కాదు. ఊరిలో ఉన్నవాడు ఎవ్వరికిని చెప్పక తుక్కువానికి తోలివేయుట కూడా న్యాయము కాదు.

మూడింటికి సమాధానము దొరికిన యెడల సంతోషముగా నడపండి. లీటరుకు పది కిలోమీటర్లు అటూ ఇటూగా మాత్రమే వచ్చును గనుక ఖర్చు తెలిసే నడపండి. దొరకని యెడల బాగుచేసికొని ప్రేమగా చూచుకొను వేరొకరికి అమ్ముటలో తప్పు లేదు. అమ్మిన డబ్బు తల్లిగారి చేతిలో పెట్టుడి. ముందు ఒక ఫోటో తీయించి పెట్టుకొనుడి. తండ్రిగారు మనకు ఇచ్చినది కారు ఒక్కటే కాదు గదా. ఆయన బండి ఎక్కకముందు టైర్లు చూచుట, నీళ్లు చూచుట, అందరును కూర్చున్నారా అని వెనుకకు తిరిగి చూచుట, ఇవి కూడా ఆయన ఇచ్చినవే. ఆ అలవాట్లు కొత్త కారులోనైనను నిలుపుకొనిన యెడల ఆయన గుర్తు నిలిచినట్లే. అవి లేక పాత కారు మాత్రము మిగిలిన యెడల అది పాకలో ఉన్న ఇనుమే.

వచ్చే నెల మరియొక ఇంటి విషయముతో మిమ్ములను కలిసికొందుము.